గాజులమ్మ అడవిలో ఉంది

ఇంట్లో తనకేదైనా అయితే అన్నం వేళ దాకా ఎవరికీ తెలియదు. ఫిర్దౌస్‌కు అన్నిటికన్నా పెద్ద భయం ఇదే.

మిగతా భయాలన్నీ దీని పిల్లలే. స్నానాల గదిలో కాలు జారితే? గ్యాస్ కట్టడం మర్చిపోయి కునుకు పడితే? పిల్లకు పాలిస్తూ కళ్ళు తిరిగి దాని మీదే ఒరిగిపోతే? మెహర్ పుట్టిన దగ్గర్నుంచి ఈ ఆలోచనలు ఈగల్లా ముసురుతున్నాయి, ఒకదాన్ని తోలితే ఇంకోటి వాలుతుంది. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటుంది. ఊపిరి వెచ్చగా తగిలాక కూడా నమ్మకం కుదరక మళ్ళీ పెడుతుంది. ఒకసారి మొగుడు తౌఫీక్‌తో ఈ సంగతి చెప్పింది. అతను ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే నవ్వాడు. "ఇంటినిండా మనుషులుంటే తెలీకుండా ఎట్టా పోద్దే, పిచ్చిమొహమా?"

ఇంటినిండా మనుషులన్న మాట నిజమే. మామ మౌలాలీకి నరసరావుపేట బజార్లో పరుపుల కొట్టుంది. తరాల నుంచి దూదేకే ఇల్లు వాళ్ళది. అత్త బషీరున్నీసా మోకాళ్ళ నొప్పులతో టీవీ ముందు కుర్చీ దిగదు. తౌఫీక్ డిగ్రీ అయ్యాక సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు పెట్టి, అది సాగక మూసేసి, ఇప్పుడు ముందుగదిలో కూర్చుని ఫోన్లో ఆడుకునే ఆటొకటి తయారుచేస్తున్నాడు. వినుకొండలో ఉండే స్నేహితుడు సాయి కిరణ్ బొమ్మలు గీసి పంపుతాడు, ఇతను వాటికి నడక నేర్పుతాడు. ఇక ఫిర్దౌస్ ఏం చేస్తుందని చుట్టాలు అడిగితే అత్త జవాబు ఎప్పుడూ ఒకటే. "ఏం చేసుద్ది, ఇంట్లోనే ఉంటది."

ఇంట్లోనే ఉండటంలో ఏమేముంటాయో అత్త చెప్పదు. వంట, అంట్లు, పిల్ల గుడ్డలు, అత్త మోకాళ్ళకు నూనె, ఇవి ఏ ఇంట్లోనైనా ఉండేవే. ఈ ఇంట్లో దూది కూడా ఉంది. జనం పాత పరుపులు కొట్లో ఇచ్చిపోతే వాటిని విప్పి, లోపలి దూదిని మూటలు కట్టి మామ ఇంటికి పంపుతాడు. దాన్ని మేడ మీద పరిచి ఎండబెట్టాలి, తిరగెయ్యాలి, ఉండలు కట్టినచోట వేళ్ళతో విప్పాలి. ఎండ తిన్న దూదే ఏకడానికి బాగుంటుంది. ఎవరో తల ఆనించి పడుకునే దూది కాబట్టి దాని దరిదాపులకు చెప్పులతో పోకూడదు. మెట్ల కింద చెప్పులు విడిచి పైకెక్కడం ఆ ఇంటి అలవాటు. కోతులు మేడ మీదికి దూకి, దూదంతా చెల్లాచెదురు చేసి, మెట్లు దిగి వంటింట్లోకి జొరబడతాయని కింద మెట్ల తలుపుకు గడియ పెట్టడం ఇంకో అలవాటు. ఈ రెండు అలవాట్లనూ గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వాటితో పనుంది.

తౌఫీక్ తయారుచేస్తున్న ఆట అతను కనిపెట్టింది కాదు. ఫిర్దౌస్ వాళ్ళ అమ్మమ్మ సైదమ్మది. గురజాల పక్క పల్లెలో, మిరప కళ్ళాల దగ్గర, ఎండ దిగేదాకా ఆడవాళ్ళు పట్టా నీడన కూర్చుని కాయలకు తొడిమలు తీసేవాళ్ళు. చేతులు భగభగ మండినప్పుడు కాయల్ని అవతలకు నెట్టి, నాపరాయి బండ మీద సున్నపురాయితో ఏడు ఊళ్ళు గీసేవాళ్ళు. ఊరికీ ఊరికీ నడుమ గీతలు దారులు, ఎడాపెడా పెట్టిన చుక్కలు అడవి. ఆట మొదట్లో ఎవరికి వాళ్ళు తామెవరో చెప్పుకోవాలి. నేను గాజులమ్ముకునేదాన్ని అంటుంది ఒకామె. నేను మంత్రసానిని అంటుంది ఇంకొకామె. మొగుడు తరిమేస్తే పోతున్నదాన్ని అని ఎవరో ఒకరు అననే అంటారు, అందరూ నవ్వుతారు, ఆమె నవ్వదు. ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు వేసి, తెల్లగా పడినన్ని అడుగులు నడవాలి. దారిలో ఏం ఎదురైందో పెద్దమ్మ చెబుతుంది. పెద్దమ్మంటే ఆ పూటకు ఆట నడిపించే మనిషి. ఎదురైనదాన్ని ఎట్లా దాటతావో నువ్వు చెప్పాలి. నీ మాట ఆమెకు నచ్చితే దాటినట్టే. ఏడో ఊరు చేరితే గెలిచినట్టు. ఇంటర్ సగంలో మాన్పించి పెళ్ళి చేసినప్పుడు ఫిర్దౌస్ పుట్టింటి నుంచి తెచ్చుకున్న చదువు ఏదైనా ఉందంటే అది ఆ బండ మీద నేర్చుకున్నదే.

పెళ్ళైన కొత్తలో ఒక వానపూట కరెంటు పోతే ఈ ఆట తౌఫీక్‌తో ఆడించింది. అతను తోలుబొమ్మలాడించేవాడినని పేరు పెట్టుకుని, ఆమెను నవ్వించి నవ్వించి ఏడో ఊరు చేరాడు. ఆ నవ్వు గుర్తుండబట్టే ఫోన్‌కు ఆట చెయ్యాలనుకున్నప్పుడు అతనికి ఇదే తట్టింది. సాయి కిరణ్ అయితే ఎగిరి గంతేశాడు. "వదినా, బయటి దేశాల్లో బల్ల చుట్టూ కూర్చుని, పాచికలేసి, వేషాలు కట్టుకున్నట్టు మాట్లాడుకుంటా ఇట్టాంటి ఆటలే ఆడతారు. వాటి రూల్సు మాత్రం ఇంతింత లావు పుస్తకాలు. మీ అమ్మమ్మకి ఎవరు చెప్పారు?"

"మిరపకాయలు చెప్పినయ్," అంది ఫిర్దౌస్.

అక్కడిదాకా బాగానే ఉంది. ఆటను కంప్యూటర్‌లో పెట్టడం మొదలెట్టాక మొదలైంది తంటా. తౌఫీక్ ఆమెను వంటింటి గడపలో నిలబెట్టి అడిగేవాడు, ఫోన్లో స్పీకర్ మీద సాయి కిరణ్ ఉండేవాడు.

"అన్నీ నల్లగా పడితే ఏంది? ఒక్క ముక్కలో చెప్పు."

"అడవిలోకి పోద్ది."

"ఎవరేసినా?"

"చూలాలైతే పోదు. పెద్దమ్మ ఇంకోసారి వెయ్యనిచ్చుద్ది."

"చూలాలని కంప్యూటర్‌కి ఎట్టా తెలుసుద్దే?"

"మొదట్లో చెప్పుకుంటారుగా ఎవరేందో."

"అట్టయితే అందరూ చూలాలనే చెప్తారు!"

"చెప్పరు. చెప్తే ఆట మధ్యలో పురుడు పోసుకోవద్దూ? పురిటికి నీళ్ళు కాచేవాళ్ళు దొరక్క, ఉన్న ఊళ్ళోనే ఆగిపోవాల. అది ఇంకా కష్టం."

స్పీకర్‌లోంచి సాయి కిరణ్ మూలుగు వినపడేది. "వదినా, దండం పెడతా. పురుడు వద్దు."

"సరే, పురుడు తీసెయ్," అనేవాడు తౌఫీక్. "దొంగ ఎదురైతే ఎట్టా దాటాలి?"

"పెద్దమ్మని నవ్వించాల."

"ఇక్కడ పెద్దమ్మ కంప్యూటరే."

"అయితే కంప్యూటర్‌ని నవ్వించాల."

తౌఫీక్ తల పట్టుకునేవాడు. నవ్వించడం కుదరక, ఫోన్ ఆటలో నడిచే గాజులమ్మ చేతికి కత్తి ఇచ్చారు. ఒక చేతిలో గాజుల బుట్ట, ఇంకో చేతిలో కత్తి ఉంటే ఎవరికైనా గాజులెట్లా తొడుగుతుందని అడిగింది ఫిర్దౌస్. గాజులు తొడగాల్సిన పనేం లేదు, దొంగల్ని నరికితే నాణేలొస్తాయి, వాటితో ఇంకా పెద్ద కత్తి కొనుక్కోవచ్చు అన్నాడు తౌఫీక్. అతను తప్పు మనిషి కాదు. యంత్రానికి ప్రతిదీ ముందే తేల్చి చెప్పాలి, ఎప్పుడు ఏది ఎలా జరిగినా ఒకే జవాబుండాలి. సైదమ్మ ఆటలో ఏ జవాబైనా 'ఎవరు అడుగుతున్నారు' అన్నదాని మీదే ఉంటుంది. ఆ ముడి అతనికి విడలేదు, పాపం రాత్రీ పగలూ దాంతోనే కుస్తీ. ఫిర్దౌస్‌కు మాత్రం ఆ గడపలో నిలబడే కాసేపు ఎంతో ఇష్టంగా ఉండేది. పొయ్యి మీద కూర అడుగంటుతున్నా కదిలేది కాదు. రోజు మొత్తంలో ఒకరు ఆమెను ఒక మాట అడిగి, జవాబు కోసం ఆగే సమయం అదొక్కటే. 'అన్నమయిందా', 'పిల్లెందుకు ఏడుస్తంది', 'నా చొక్కా యాడ' అన్నవి అడగడాలు కావు గదా.

పిల్ల నిద్రపోయినప్పుడు, అద్దం పగిలిన పాత ఫోన్లో ఆటను ఆడి చూసి ఎక్కడ ఆగిపోతుందో చెప్పే పని కూడా ఆమెదే. అదే పని తౌఫీక్ చేస్తే అత్త పక్కింటివాళ్ళతో "వాడు పనిలో ఉన్నాడు, పలకరించమాకండి" అనేది. ఫిర్దౌస్ చేస్తే "ఏమే, పిల్లతల్లివి, ఎప్పుడు చూసినా ఫోన్లో ఆటలేందే? మా కాలంలో పిల్ల పడుకుంటే పప్పు రుబ్బేవాళ్ళం" అనేది. అలా ఆడుతున్నప్పుడే అడవి సంగతి బయటపడింది. పిక్కలన్నీ నల్లగా పడి గాజులమ్మ అడవిలోకి పోయిందంటే ఇక రాదు. రెండు చెట్ల నడుమ ఇరుక్కుని, ఉన్నచోటే కాళ్ళాడిస్తూ నడుస్తూ ఉంటుంది. ఫోన్ కట్టేసి మళ్ళీ తెరిచినా అక్కడే ఉంటుంది. ఏం చేసినా ఆ తప్పు దొరకడం లేదు.

"అసలు ఆటలో అడవిలోంచి ఎట్టా వస్తారే?" అని అప్పుడడిగాడు తౌఫీక్.

ఆ ఆటకు ప్రాణమంతా అందులోనే ఉంది కాబట్టి ఫిర్దౌస్ గడప దిగి వచ్చి, నేల మీద కూర్చుని చెప్పింది. అడవిలో పడ్డది తనంతట తాను రాలేదు. పిక్కలు వెయ్యకూడదు, ముందుగా నోరు తెరవకూడదు. మిగతావాళ్ళు వంతు వచ్చినప్పుడల్లా ముందు దాన్ని పేరు పెట్టి పిలవాలి, ఆ తరవాతే తమ పిక్కలు ముట్టుకోవాలి. ఓ గాజులమ్మా, యాడున్నావే, ఏం కనపడతందే నీకు అని అడగాలి. అప్పుడది తనకేం కనపడుతుందో చెబుతుంది. పుట్ట కనపడుతుందంటుంది, ఎండిన వాగు కనపడుతుందంటుంది. ఆ గుర్తును పట్టుకుని పిలిచినవాళ్ళు దారి చెబుతారు. అలా చుట్టూ అందరూ పిలిస్తే బయటికి వస్తుంది. ఒకవేళ ఆట యావలో పడి ఎవరూ పిలవకుండా ఒక చుట్టు తిరిగిపోయిందా, అడవిలో ఉన్నదానికి శిక్ష లేదు. మర్చిపోయినవాళ్ళంతా మళ్ళీ మొదటి ఊరికి పోవాలి, ఏడో ఊరి పొలిమేరలో ఉన్నా సరే. "ఒకదాన్ని అడవిలో మర్చిపోయొచ్చినాక గెలిచిందేందే, నా మొహం!" అనేది సైదమ్మ.

తౌఫీక్ శ్రద్ధగానే విన్నాడు. విని నిట్టూర్చాడు. "ఇది ఒక్కడు ఫోన్ పట్టుకుని ఆడేదే. వాణ్ణి పిలిచేదెవరు? అడవిలో పడి ఊరికే కూర్చోమంటే ఆట పీకి పారేస్తాడు." కాసేపాగి, "నీ పిలుపు మాత్రం బాగుందే. రికార్డు చేద్దాం. అడవిలో వెనకాల వినపడతా ఉంటది" అన్నాడు.

ఫ్యాను కట్టేసి, తలుపులేసి, చంకలో పిల్లతో, చెమటలు కారుతూ పిలిచింది ఫిర్దౌస్. గాజులమ్మను పిలిచింది, మంత్రసానిని పిలిచింది, అత్తను పిలిచినట్టు పిలువు, అక్కను పిలిచినట్టు పిలువు అంటే అలానూ పిలిచింది. అప్పట్నుంచి తౌఫీక్ ఆటను ఆడించి చూస్తుంటే పొద్దస్తమానం ఆ ఇంట్లో ఆమె గొంతు మోగుతూనే ఉండేది. మొదట్లో అత్త ఉలిక్కిపడి "ఏందే, ఎందుకట్టా అరుస్తన్నావ్?" అనేది. తరవాత అలవాటైపోయి, టీవీ శబ్దం కొంచెం పెంచుకునేది.

ఆ వేసవిలో ఒకరోజు. నిప్పులు చెరిగే ఎండ. మెహర్‌ను ఉయ్యాల్లో వేసి, అన్నం వార్చి, దూది తిరగెయ్యడానికి ఫిర్దౌస్ మేడెక్కింది. మెట్ల కింద చెప్పులు విడిచింది. నీళ్ల ట్యాంకు పక్కన చారెడు నీడలో కూర్చుని ఉండలు విప్పుతుంటే కింద గడియ పడిన చప్పుడైంది. ఒక్క క్షణం అర్థం కాలేదు. తరవాత మెట్లు దిగి తలుపు నెట్టింది. కదల్లేదు.

"అత్తా, తలుపు తియ్యి!"

టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. ఫిర్దౌస్ తలుపు బాదింది. "అత్తా! నేను మేడ మీదున్నా!" అంది. "ఏమయ్యా! ఏమయ్యో!" అంది. పైకెక్కి వీధివైపు పిట్టగోడ మీంచి వంగి పిలిచింది. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. ముందుగది కిటికీ సరిగ్గా ఆమె కిందే ఉంది, అందులో తౌఫీక్ ఉన్నాడు. మొగుణ్ణి అంత దగ్గర్లో పెట్టుకుని అంత గట్టిగా పిలవడం ఆమెకు మొదట సిగ్గనిపించింది. తరవాత సిగ్గు పోయింది. తరవాత గొంతు పోయింది. గచ్చు పెనంలా కాలుతుంటే నిలబడలేక, ఎన్నడూ చెయ్యని పని, దూది మీదికెక్కి నిలబడింది. ఎవరి పరుపో ఏమో, వాళ్ళు క్షమించాలి అనుకుంది.

అప్పుడు కింద మెహర్ ఏడ్చింది. వెంటిలేటర్‌లోంచి ఏడుపు సన్నగా వస్తుంటే ఫిర్దౌస్ రొమ్ముల్లో పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసింది. ఎంతసేపటికో అత్త అడుగులు వినపడ్డాయి. "ఊరుకోవే, ఊరుకో. మీ అమ్మ యాడ చచ్చిందో," అంటోంది. వెతుకుతుందేమోనని ఫిర్దౌస్ ఊపిరి బిగబట్టింది. ఉయ్యాల ఊగే కిర్రు వినపడింది. పిల్ల ఊరుకుంది. మళ్ళీ టీవీ. తనెక్కడ చచ్చిందో అన్న ప్రశ్నకు జవాబు ఎవరికీ అవసరం లేదని ఆ మిట్టమధ్యాహ్నం ఫిర్దౌస్‌కు తెలిసింది. కోపం రాలేదు. ఇన్నాళ్ళూ భయపడింది ఇదే కదా, ఇలాగే ఉంటుందా అనిపించింది.

పక్కింటి వైపు తిరిగి "హైమక్కా!" అని పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు. హైమావతి మొగుడు బాలశౌరి లారీ తోలతాడు, వెళితే వారాల తరబడి రాడు. పోయినేడు ఆమెకు నెలలు నిండకుండానే కడుపు పోయింది. మెహర్ పుట్టాక ఒకసారి ఎత్తుకుని "అప్పుడప్పుడు తెస్తా ఉండమ్మా" అంది. ఫిర్దౌస్ తెస్తాననే అంది. "ఆమె కళ్ళు మంచియ్యి కావు, పిల్లని ఆ గడప తొక్కనియ్యమాక" అంది అత్త. భయస్తురాలికి భయం చెప్పడం ఎంతసేపు? ఫిర్దౌస్ ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు పిట్టగోడ మీంచి చూస్తే హైమావతి మేడ మీద తీగన ఒక ఆకుపచ్చ చీర ఉంది. ఎండకు ఒకవైపు వెలిసి పాలిపోయి, మడత లోపల మాత్రం పచ్చగానే ఉంది. రోజూ దూది కోసం వచ్చినప్పుడు అది కంటపడుతూనే ఉంది. దాన్ని ఎవరూ తియ్యడం లేదన్నది మాత్రం కంటపడలేదు.

గడియ తెరుచుకున్నప్పుడు సరిగ్గా అన్నం వేళైంది.

"ఇక్కడున్నావా!" అన్నాడు తౌఫీక్. "అమ్మా, మేడ మీదుంది! అన్నం పెట్టవే, కడుపు మాడిపోతంది. తలుపు పడితే పిలవొచ్చుగా?"

"పిలిచాను," అంది. గొంతు గరగరలాడింది.

అతను ఆగి, గుర్తు తెచ్చుకుని, తేలిగ్గా నవ్వాడు. "వినపడిందే! ఆటలోదనుకున్నా. రికార్డింగు ఎంత బాగొచ్చిందీ అని కూడా అనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా," అంది అత్త కుర్చీలోంచి. "పొద్దున లేస్తే మోగేదేగా. మెట్ల దగ్గర చెప్పులు అడ్డంగా పడుంటే పక్కకి నెట్టి గడేశా. కోతులొస్తయ్ గదా."

చెప్పులు చూసింది. పక్కకు నెట్టింది. గడియ పెట్టింది. చెప్పుల పైన ఒక మనిషి ఉంటుందన్న ఆలోచన మాత్రం రాలేదు. ఫిర్దౌస్ ముందు పిల్లను ఎత్తుకుని పాలిచ్చింది. తరవాత కాలిన పాదాలతో చల్లని బండ మీద మడమలెత్తి, దించి, నడుస్తూ కంచం పెట్టింది. అన్నం వడ్డించింది. ఇదేదో గొప్పతనమని చెప్పడం లేదు. చేతులకు అలవాటైన పని, చేతులే చేసేశాయి.

తౌఫీక్ ముద్ద కలుపుతూ ఉత్సాహంగా చెప్పాడు. "అడవి సంగతి తేలిపోయిందే! ఇందాకే సాయి, నేను పట్టుకున్నాం. ఇంక చెట్ల మధ్య ఇరుక్కోదు. పిలవడాలూ గిలవడాలూ ఏం అక్కర్లేదు. కాసేపుంటే దానంతటదే బయటికొచ్చేసుద్ది. తొందరున్నోడు ప్రకటన చూస్తే వెంటనే వచ్చుద్ది. ఇంక మొదట్లో పేరు పడటమే. సైదమ్మ ఆట. ఎట్టుంది?"

ఫిర్దౌస్ గరిటె గిన్నెలో పెట్టింది.

"మా అమ్మమ్మ పేరు తీసెయ్."

"ఏందీ? ఆమె ఆటేగా?"

"కాదు. మా అమ్మమ్మ ఆటలో ఎవరూ వాళ్ళంతట వాళ్ళు రారు."

"అబ్బ, మళ్ళీ మొదటికొచ్చావా? అది పెట్టడం కుదరదని చెప్పాగా. ఇంత పనిచేశాక..."

"కుదరకపోతే వద్దులే. గాజులమ్మకి కత్తి ఇచ్చుకోండి, ఏమైనా చేసుకోండి. నా గొంతు మాత్రం తీసెయ్. ఈ ఇంట్లో ఇంక నేను పిలిస్తే అది నేనే అయ్యుండాల."

తౌఫీక్‌కు అప్పటికి పూర్తిగా అర్థమైందో లేదో తెలియదు. ఆమె అది చూడటానికి ఆగలేదు. మాట్లాడుతుంటేనే ఆ ఆకుపచ్చ చీర కళ్ళ ముందు ఆడింది. 'పిలవకుండా ఒక చుట్టు తిరిగిపోయిందా' అన్న మాట తన నోటితో తాను చెప్పిందే. ఎన్ని చుట్లు తిరిగిపోయాయో. మెహర్‌ను చంకనేసుకుని వరండాలోకి వచ్చింది.

"యాడికే అన్నం కాడ నుంచి?" అంది అత్త.

"పక్కింటికి."

"పిల్లని ఆ గడప తొక్కనియ్యొద్దని చెప్పానా? ఆమె లేదు కూడా, పుట్టింటికి పోయినట్టుంది."

"అత్తా, నా చెప్పులు యాడికి నెట్టావు?" అంది ఫిర్దౌస్. బషీరున్నీసా మూలకు చూపించింది.

హైమావతి తలుపు నెడితే కదల్లేదు. బయట తాళం లేదు. పుట్టింటికి పోయినమ్మ లోపల గడియ ఎందుకు పెట్టుకుంటుంది? "హైమక్కా!" అని పిలిచింది. పోయిన గొంతు ఎంతని పలుకుతుంది? మళ్ళీ పిలిచింది. గడప మీద కరెంటు బిల్లు కాగితం దుమ్ము పట్టి ఉంది. మళ్ళీ పిలిచింది. చాలాసేపటికి, బావిలోంచి వచ్చినట్టు ఒక గొంతు.

"ఎవరూ..."

"నేనక్కా. ఫిర్దౌస్‌ని. ఏం చేస్తన్నావు?"

"ఏం లేదమ్మా. పడుకున్నా. పో."

ఎవరైనా అంతటితో పోతారు. ఉంది, పలికింది, పడుకున్నానంది. ఫిర్దౌస్ కాళ్ళు కూడా ఒక అడుగు వెనక్కి వేశాయి. ఇంతలో మిరప ఘాటు ముక్కుకు తగిలినట్టైంది. కళ్ళం, బండ, సున్నపురాయి గీతలు గుర్తొచ్చాయి. పిలిచి ఊరుకుంటే కాదే, అడగాల, అనేది సైదమ్మ.

"అక్కా, నీకు ఏం కనపడతంది?"

పిచ్చిప్రశ్న అనుకుని ఉంటుంది. ఆ తరవాత వచ్చింది జవాబు. "ఫ్యాను."

వెల్లకిలా పడుకున్నవాళ్ళకు ఫ్యాను కాక ఇంకేం కనపడుతుంది అనుకోవచ్చు. ఫిర్దౌస్ అలా అనుకోలేదు. ఆ గొంతు ఆ మాటను పలికిన తీరు వినగానే తలుపు వదిలి పక్కనున్న కిటికీ దగ్గరకు పరిగెత్తింది. రెక్క ఓరగా ఉంది. లోపల చీకటి.

"ఇంకా ఏం కనపడతంది?"

"ఫ్యానేనమ్మా. అదే చూస్తన్నా. నాలుగు రోజుల్నుంచీ..."

"తల ఇటు తిప్పక్కా. ఇటు, కిటికీ వైపు. ఇప్పుడు ఏం కనపడతంది?"

"కిటికీ."

ఫిర్దౌస్ మెహర్‌ను ఎత్తి ఊచలకు ఆనించింది. చిన్నచెయ్యి దానంతటదే ఊచల మధ్యనుంచి లోపలికి వెళ్ళి, చీకట్లో ఏదో పట్టుకోబోయినట్టు వేళ్ళు తెరిచి మూసింది.

"ఇప్పుడు?"

మంచం కిర్రుమంది. తరవాత నేల మీద కాళ్ళీడుస్తున్న చప్పుడు, గోడ పట్టుకుని వస్తున్న చప్పుడు. ఒక వేడి వేలు వచ్చి పిల్ల అరచేతిలో ఆగింది. మెహర్ దాన్ని పిడికిలి బిగించి పట్టుకుంది.

"చెయ్యి," అంది హైమావతి. "పిల్ల చెయ్యి కనపడతంది."

"దాన్నే చూస్తా ఉండు. చూస్తానే గడియ తియ్యి. నేను యాడికీ పోను," అంది ఫిర్దౌస్. గడియ తెరుచుకునేదాకా, ఇంకా చెప్పాలంటే, హైమావతి ఆమె భుజం మీద తల పెట్టి మొదటిసారి గట్టిగా ఏడ్చేదాకా పిలుస్తూనే ఉంది.

ఆ ఫోన్ ఆట ఇంకా పూర్తి కాలేదు. తౌఫీక్ సైదమ్మ పేరూ తీసేశాడు, ఫిర్దౌస్ గొంతూ తీసేశాడు. అవి తీసేశాక అడవి బోసిపోయిందని సాయి కిరణ్ గొణుగుతుంటాడు. ఇప్పుడు మేడ మీంచి ఏ చప్పుడైనా తౌఫీక్ చెవుల్లోని ఇయర్‌ఫోన్లు పీకి తల ఎత్తుతాడు. దాన్ని మార్పనాలో భయమనాలో ఫిర్దౌస్‌కు ఇంకా తెలియదు. మధ్యాహ్నాలు మాత్రం హైమావతి వరండా బండ మీద ఏడు ఊళ్ళు గీసి ఉంటాయి. ఇద్దరే ఉంటే ఆట సాగదు, పిలిచేవాళ్ళు చాలరు. ఇంకొకరి కోసం చూస్తున్నారు.

ఇది చదువుతున్న మీకు కూడా, కొన్నాళ్ళుగా చప్పుడు లేని మనిషి ఒకరు ఈపాటికి గుర్తొచ్చే ఉంటారు. బాగానే ఉండి ఉంటుందిలే అనుకోకండి. పుస్తకం పక్కన పెట్టి, లేచి వెళ్ళి, పేరు పెట్టి పిలవండి. ఏం లేదు, పో అంటే వచ్చేయకండి. ఏం కనపడుతుందో అడగండి.